ఏబీఎస్ తీసేసి బ్రేకు పైపులు నేరుగా కలిపించుకోవచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్ జిల్లా. 2014లో కొన్న పెట్రోలు కారు ఉంది. కొన్ని నెలలుగా డ్యాష్‌బోర్డు మీద ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగిసిపోకుండా చూసే ఏర్పాటు) లైటు ఆరడం లేదు. దాన్ని నడిపే మాడ్యూల్ పోయిందని, కొత్తది వేయడానికి అరవై వేలకు పైగా అవుతుందని షోరూమువారు చెప్పారు. మాకు తెలిసిన మెకానిక్ ఆ మాడ్యూల్ తీసేసి, పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి చక్రాలకు పైపులు నేరుగా కలిపి, లైటు కూడా వెలగకుండా చేస్తానంటున్నాడు. ఎనిమిది వేలలో పని అయిపోతుందట. ఇదే మోడల్‌లో ఏబీఎస్ లేని కార్లు కూడా అప్పట్లో అమ్మారు కనుక తప్పేమీ లేదని అతని వాదన. చట్టపరంగా ఇబ్బంది ఉంటుందా? ఇన్సూరెన్స్ వర్తిస్తుందా? తర్వాత కారు అమ్ముకోవచ్చా?

జవాబు: ఈ పని చేయించవద్దన్నదే నా సలహా. పైపులు కలిపేది మెకానిక్ అయినా, బండి మీ పేరున ఉన్నంతకాలం చట్టం మొదట జవాబు అడిగేది మిమ్మల్నే.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలతో పొసగకుండా పోయే విధంగా యజమాని వాహనంలో మార్పు చేయరాదు. వాహన నిర్మాణంలో జరిగి, దాని మౌలిక లక్షణాన్ని మార్చేదే మార్పు అని ఆ సెక్షన్ కిందే వివరణ ఉంది. ఆర్‌సీలో ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, రంగు, సీట్ల సంఖ్య వంటివే ఉంటాయి తప్ప ఏబీఎస్ ఊసే ఉండదు కదా, అలాంటప్పుడు తేడా ఎక్కడ వచ్చిందని ఒక న్యాయవాది మీ తరఫున వాదించవచ్చు. ఆ వాదనను పూర్తిగా కొట్టిపారేయలేను. అయితే కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు, ఈ సెక్షన్ ఉద్దేశం తయారీదారు నిర్దేశించిన మూల స్వరూపాన్ని మార్చకుండా చూడడమేనని స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు ఉండగా, బ్రేకుల వ్యవస్థను మార్చి, అది మౌలిక లక్షణం కాదని నెగ్గుకురాగలమని నేను ఏ కక్షిదారుకూ భరోసా ఇవ్వను. అదీగాక, వాహనం ఎల్లవేళలా నడిపేవారి అదుపులో ఉండే విధంగా నిర్మించి, ఆ విధంగానే నిర్వహించాలని 109వ సెక్షన్ విడిగా చెబుతోంది. ఆర్‌సీలో ఏముందన్న ప్రశ్నతో ఆ సెక్షన్‌కు పని లేదు.

ఇక మీ మెకానిక్ వాదన. మన దేశంలో కొత్త కార్లన్నింటికీ ఏబీఎస్ తప్పనిసరి అయినది 2019 ఏప్రిల్ నుంచి. కనుక 2014లో అదే మోడల్‌ను ఏబీఎస్ లేకుండా కూడా అమ్మి ఉండవచ్చు. అయితే ఏబీఎస్ లేని కారు వేరు, ఏబీఎస్ పీకేసిన కారు వేరు. బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు కారు బరువు ముందుకు వాలుతుంది, వెనుక చక్రాలు తేలికపడతాయి. ఆ సమయంలో వెనుక చక్రాలకు ముందువాటితో సమానంగా ఒత్తిడి వెళ్తే అవి ముందుగా బిగిసిపోయి, కారు వెనుక భాగం పక్కకు కొట్టుకుపోయి బండి గిర్రున తిరిగిపోయే ప్రమాదం ఉంది. అందుకే ఏబీఎస్ లేని కార్లలో వెనుక చక్రాలకు వెళ్లే ఒత్తిడిని తగ్గించే ప్రొపోర్షనింగ్ వాల్వ్ అమరుస్తారు. ఏబీఎస్ ఉన్న చాలా కార్లలో ఆ వాల్వ్ ఉండదు. ఈబీడీ పేరుతో ఆ పనిని కూడా మాడ్యూలే చేస్తుంది. మాడ్యూల్ తీసి పైపులు కలిపేస్తే పోయేది ఏబీఎస్ ఒక్కటే కాదు, ముందు వెనుకల మధ్య ఉండవలసిన నిష్పత్తి కూడా పోతుంది. పొడి రోడ్డు మీద మెల్లగా నడిపి చూస్తే బ్రేకులు బాగానే పట్టినట్టు అనిపిస్తాయి. వాన పడిన రోజు, రాజీవ్ రహదారి మీద ఎదురుగా గేదె అడ్డం వచ్చినప్పుడు మాత్రమే అసలు సంగతి బయటపడుతుంది. పైపుల్ని సరైన ఫ్లేరింగ్ (జాయింటు కారకుండా పైపు చివరను వెడల్పు చేయడం) లేకుండా, రాగి గొట్టాలతోనో దొరికిన జాయింట్లతోనో కలిపితే ఆయిల్ కారి, బ్రేకే పడకపోయే ప్రమాదం దీనికి అదనం.

అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్‌లోని నాలుగో ఉపసెక్షన్ చెబుతోంది. లోపం ఉందని తెలిసి, లేదా మామూలు శ్రద్ధతో తెలుసుకోగలిగి ఉండి కూడా, ప్రమాదకరమైన వాహనాన్ని నడిపితే 190వ సెక్షన్ కింద పదిహేను వందల జరిమానా ఉంటుంది. ఆ లోపం వల్ల ప్రమాదం జరిగితే మూడు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. ఈ మొత్తాలు చూసి ఇంతేనా అనుకోవద్దు. అసలు చిక్కు ప్రమాదం జరిగిన తర్వాత మొదలవుతుంది.

ప్రాణం పోయిన ప్రమాదాల్లో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ బండిని పరిశీలించి నివేదిక ఇస్తారు. యాంత్రిక లోపం వల్ల ఈ ప్రమాదం జరగలేదన్న వాక్యం ఆ నివేదికల్లో దాదాపు ఎప్పుడూ కనిపిస్తుంది. మీ కారు విషయంలో ఆయన బానెట్ ఎత్తి, మాడ్యూల్ ఉండవలసిన చోట ఖాళీ బ్రాకెట్టును, దాని పక్కన అతికించిన పైపులను చూస్తే ఆ వాక్యం రాయలేరు. భారతీయ న్యాయ సంహితలోని 106(1) సెక్షన్ కింద నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. మీ నిర్లక్ష్యాన్ని రుజువు చేయడానికి ప్రాసిక్యూషన్ వెతుక్కోవలసిన ఆధారాన్ని మీరే డబ్బిచ్చి తయారు చేయించినట్టవుతుంది. లైటు వెలగకుండా చేయించడం అన్నింటికన్నా చెడ్డ సలహా. తెలియక జరిగిందని చెప్పుకునే అవకాశాన్ని ఆ ఒక్క పని పూర్తిగా మూసేస్తుంది.

ఇన్సూరెన్స్ విషయాన్ని రెండుగా చూడాలి. మీ కారు వల్ల దెబ్బతిన్న ఎదుటివారికి పరిహారం చెల్లించే బాధ్యత నుంచి బీమా సంస్థ తప్పుకోవడం అంత సులువు కాదు. మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ దానికి ఇచ్చిన సాకులు కొన్నే. కాని వాటిలో ముఖ్యమైన విషయాన్ని దాచిపెట్టి పాలసీ తీసుకోవడం ఒకటి. బ్రేకులు మార్పించి, ఆ సంగతి చెప్పకుండా వచ్చే ఏడాది రెన్యువల్ చేయించుకుంటే ఆ సాకును సంస్థ చేతికి మీరే అందించినవారవుతారు. సొంత కారు నష్టానికి చేసే క్లెయిమ్ దగ్గర పరిస్థితి ఇంకా కఠినంగా ఉంటుంది. వాహనాన్ని సమర్థమైన స్థితిలో ఉంచడానికి తగిన శ్రద్ధ తీసుకోవాలన్నది మన మోటారు పాలసీల్లో ఉండే షరతు. సర్వేయర్ ఆ పైపులను ఫొటో తీస్తే క్లెయిమ్ తిరస్కరణకు గురికావచ్చు. ఆగి ఉన్న కారును వెనుకనుంచి ఎవరో గుద్దినప్పుడు, బ్రేకుల మార్పుకూ నష్టానికీ సంబంధమే లేదని వినియోగదారుల కమిషన్ ముందు వాదించే వీలుంటుంది గాని, అది ఏళ్ల తరబడి తిరగవలసిన పని.

అమ్మకం గురించి అడిగారు. కొనేవారికి రాతపూర్వకంగా చెప్పకుండా అమ్మకండి. తెలిసిన లోపాన్ని కావాలని కప్పిపుచ్చడాన్ని భారత కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్ మోసంగా పరిగణిస్తుంది. ఆర్పేసిన లైటు దానికి చక్కని సాక్ష్యం. వంద రూపాయల స్టాంపు కాగితం మీద, బాధ్యత అంతా తనదేనని మెకానిక్ చేత రాయించుకోవడం కూడా వృథా. అలాంటి కాగితం క్రిమినల్ కేసులో మీకు రక్షణ కాదు, పైగా మీకు అన్నీ తెలుసునని చెబుతుంది.

మరి అరవై వేలు పెట్టడం తప్పదా? తప్పదని నేను అనుకోను. ముందు మరో చోట స్కానర్ పెట్టించి, లోపాన్ని సూచించే ఏ కోడ్ వచ్చిందో రాతలో తీసుకోండి. ఏబీఎస్ లైటు వెలగడానికి చక్రం దగ్గరి స్పీడ్ సెన్సర్, దాని వైరు తరచుగా కారణమవుతుంటాయి. వాటి ఖర్చు మాడ్యూల్ ఖర్చు కన్నా చాలా తక్కువ. నిజంగా మాడ్యూలే పోయి ఉంటే, దాని ఎలక్ట్రానిక్స్ బాగుచేసే నిపుణులు ఉన్నారు, అదే పార్ట్ నంబరు గల మాడ్యూల్‌ను వేయించుకోవడమూ కుదురుతుంది. ఉన్నదాన్ని బాగుచేయించడం గాని, అదే రకం విడిభాగం వేయించడం గాని 52వ సెక్షన్ చెప్పే మార్పు కిందికి రాదు. అంతవరకు, ఏబీఎస్ లైటు ఒక్కటే వెలుగుతుంటే సాధారణంగా మామూలు బ్రేకులు పనిచేస్తుంటాయి కనుక నెమ్మదిగా వర్క్‌షాపు దాకా వెళ్లవచ్చు. ఎర్రటి బ్రేకు లైటు కూడా తోడైతే బండిని కదిలించవద్దు, టోయింగ్ చేయించండి.

ఈ ఉత్తరం రాసేలోపే పని జరిగిపోయి ఉంటే, వెంటనే పాత అమరికకు మార్పించి, వాడిన విడిభాగాల పార్ట్ నంబర్లతో సహా బిల్లు తీసుకుని భద్రపరచండి. తీసేసిన మాడ్యూల్‌ను మెకానిక్ దగ్గర వదిలేయకండి. అతని పని వల్ల నష్టం జరిగి ఉంటే, జరిగిన నాటి నుంచి రెండేళ్లలోపు కరీంనగర్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు. కోరి చేయించుకున్నది మీరేనని అతను తప్పక అంటాడు కనుక, చెల్లింపు వివరాలు, ఫోన్ సందేశాలు ఏవీ చెరిపేయకుండా ఒక స్థానిక న్యాయవాదికి చూపించండి.