మాట్లాడాలంటే భయం... ఉద్యోగంలో నెగ్గుకురాగలనా?

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లాలో ఒక పల్లెటూరు. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివి, ఈ ఏడాది బీటెక్ కంప్యూటర్ సైన్స్ పూర్తిచేశాను. ప్రాంగణ నియామకాల్లో హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో ఉద్యోగం వచ్చింది. కోడింగ్ బాగానే చేస్తాను కానీ, నలుగురిలో ఇంగ్లిష్‌లో మాట్లాడాలంటే నోరు పెగలదు. చేరడానికి రెండు నెలల సమయం ఉంది. అమీర్‌పేటలో సాఫ్ట్ స్కిల్స్ శిక్షణ తీసుకోమని స్నేహితులు చెబుతున్నారు. తీసుకోవాలా?

జవాబు: ప్రాంగణ నియామకాల్లో ఎంపికయ్యారంటే, ఇంటర్వ్యూలో మీరు చెప్పిన విషయం అవతలివారికి అర్థమైందనే కదా. కాబట్టి మీ ఇంగ్లిష్ ఉద్యోగానికి పనికిరాదన్న భయాన్ని ముందు పక్కన పెట్టండి. మొదటి ఆరు నెలల్లో కొత్త ఉద్యోగి విషయంలో టీమ్ లీడ్ చూసేది ఉచ్చారణ కంటే మరొకటి: ఈ వ్యక్తికి పని అప్పగిస్తే, అది ఎంతవరకు వచ్చిందో, ఎక్కడ ఆగిందో తాను అడగకముందే తనకు తెలుస్తుందా, లేదా? మీలాంటివారు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

మన బడుల్లోనూ కళాశాలల్లోనూ ఎదురు ప్రశ్న వేయని విద్యార్థికే బుద్ధిమంతుడన్న పేరు వస్తుంది. సందేహం అడిగితే రాదని తెలిసిపోతుందేమోనన్న బెరుకుతో పదహారేళ్లు తలూపడం అలవాటైన వారు, ఆఫీసులోనూ సగం అర్థమైన పనికి ‘అలాగే సార్’ అనేస్తారు. సోమవారం అప్పగించిన పనిని శుక్రవారానికి ఇవ్వాలనుకుందాం. మంగళవారమే ఒకచోట చిక్కుపడినా, ఎలాగోలా తానే పరిష్కరించుకోవాలన్న పట్టుదలతో గురువారం రాత్రి వరకు ఎవరికీ చెప్పరు. ఆ పట్టుదల మంచిదే. కానీ మీ కోడ్ అందితేనే టెస్టింగ్ చేసేవారి పని మొదలవుతుంది, అది పూర్తయితేనే క్లయింటుకు ఇచ్చిన తేదీ నిలుస్తుంది. ఆలస్యం మంగళవారమే తెలిస్తే లీడ్ పనిని సర్దుబాటు చేయగలరు, శుక్రవారం తెలిస్తే ఆయన చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

సహాయం అడగడానికి కూడా ఒక పద్ధతి ఉంది. ‘సార్, రావడం లేదు’ అంటే అవతలివారు మొదటి నుంచి ఆరా తీయాలి. దానికి బదులు, ఏ పని చేస్తుంటే ఏ ఎర్రర్ వస్తోందో, ఇప్పటివరకు ఏ మార్గాలు ప్రయత్నించారో, కారణం ఏమై ఉంటుందని మీ అనుమానమో చెప్పి, పది నిమిషాలు చూడగలరా అని అడగండి. చాట్‌లోనూ అంతే: ‘హాయ్’ అని పంపి జవాబు కోసం ఎదురుచూడకుండా మొత్తం ప్రశ్నను ఒకే సందేశంలో రాయండి. ఎవరైనా పని వివరించినప్పుడు, మీకు అర్థమైనదాన్ని రెండు వాక్యాల్లో తిరిగి చెప్పి సరేనా అని అడగండి, గడువుతో సహా అదే విషయాన్ని ఈమెయిల్‌లో పెట్టండి. రాతలో తడబాటు తక్కువ కాబట్టి, మీకు ఇది ఎంతో ఆసరాగా ఉంటుంది.

సమావేశాల సంగతికి వస్తే, చాలా సాఫ్ట్‌వేర్ బృందాల్లో రోజూ స్టాండప్ అనే చిన్న సమావేశం ఉంటుంది. సాఫ్ట్‌వేర్ పనిని చిన్న చిన్న దశలుగా చేసుకుంటూ వెళ్లే స్క్రమ్ అనే పద్ధతి ప్రకారం దానికి 15 నిమిషాలే సమయం. నిన్న ఏం చేశారు, ఈ రోజు ఏం చేస్తారు, అడ్డంకి ఏమైనా ఉందా అన్నవే సాధారణంగా చెప్పవలసినవి. అంటే మీ వంతు మూడు నాలుగు వాక్యాలే! వాటిని ముందే కాగితంపై రాసుకుని చూసి చెప్పినా ఎవరూ తప్పుపట్టరు. చేరేలోగా, మీ ఫైనలియర్ ప్రాజెక్టును ఈ మూడు అంశాలుగా ఇంగ్లిష్‌లో రోజూ ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి.

మరో రెండు విషయాలు. చాలా ఐటీ సంస్థల్లో పెద్దవారిని కూడా పేరుతోనే పిలుస్తారు. మొదట్లో ఇబ్బందిగా అనిపించినా, మీ బృందంలో మిగతావారు ఎలా పిలుస్తున్నారో చూసి అలాగే పిలవండి. మీ కోడ్‌ను సమీక్షించి సీనియర్లు పదుల కొద్దీ వ్యాఖ్యలు రాస్తే నొచ్చుకోకండి. అనుభవజ్ఞుల కోడ్‌కూ అదే పరీక్ష తప్పదు.

ఇక శిక్షణ సంగతి. జేఎన్‌టీయూ పాఠ్యప్రణాళికలో ఇంగ్లిష్ కమ్యూనికేషన్ స్కిల్స్ ల్యాబ్ ఉన్నా, ఎన్నో కళాశాలల్లో అది రికార్డు రాసి సంతకం పెట్టించుకోవడంతోనే ముగుస్తోంది. నాకు ఎంతో బాధ కలిగించే విషయమిది, ఎందుకంటే తర్వాత పిల్లలు అదే నైపుణ్యం కోసం డబ్బు కట్టవలసి వస్తోంది. పాఠాలే కావాలంటే, ఐఐటీల ఆన్‌లైన్ పాఠాల వేదిక అయిన ఎన్‌పీటెల్‌లో ఐఐటీ కాన్పూర్ ఆచార్యులు టి. రవిచంద్రన్ సాఫ్ట్ స్కిల్స్ పాఠాలను ఉచితంగా వినవచ్చు. సాఫ్ట్‌వేర్ సంస్థ టీసీఎస్‌కు చెందిన టీసీఎస్ అయాన్ కూడా ‘కెరీర్ ఎడ్జ్ - యంగ్ ప్రొఫెషనల్’ పేరుతో 15 రోజుల ఉచిత ఆన్‌లైన్ కోర్సు అందిస్తోంది. అమీర్‌పేట శిక్షణకు వెళ్లాలనే అనుకుంటే, ముందు ఒక డెమో తరగతిలో కూర్చుని, ఆ గంటలో విద్యార్థులు ఎంతసేపు మాట్లాడారో, వారి తప్పులను ఎవరైనా విడివిడిగా సరిదిద్దారో లేదో గమనించండి. గంటంతా బోధకుడే మాట్లాడితే మాత్రం చేరకండి. మొదటి జీతం చేతికి వచ్చేదాకా హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చులకు ఆ డబ్బు అవసరమవుతుంది.