పాత స్లైడ్లు వాడబోతున్న అమ్మడికి

అమ్మడూ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. వచ్చే వారం మీ కంపెనీ డైరెక్టర్ల ముందు ప్రెజెంటేషన్ ఇచ్చేది నువ్వేనట. వాడికంటే నేనే ఎక్కువ మురిసిపోయాను, వాడికి తెలియనివ్వలేదు. చివర్లో అన్నాడు చూడు, "దానికేం టెన్షన్ లేదక్కా, పోయినేడాది క్లయింట్లకి చూపించిన స్లైడ్లున్నాయట, అటూ ఇటూ మార్చి ఒక్క రాత్రిలో చేసేస్తానంది" అని. అప్పట్నుంచి టెన్షన్ నాకు పట్టుకుంది.

పాతవి వాడొద్దని చెప్పను. మంచి చార్టు చేతిలో ఉండగా మళ్లీ మొదట్నుంచి గీయడం దండగ. కానీ పాత ఫైలు తెరిచి సేవ్ యాజ్ కొట్టి మొదలుపెట్టకు. ఖాళీ ఫైలు తెరువు. చెప్పదలచుకున్నది ముందు కాగితం మీద రాసుకో, తర్వాతే ఏ మాటకి ఏ పాత స్లైడు పనికొస్తుందో వెతుకు. దాన్ని పాత ఫైల్లో కాపీ చేసి కొత్తదాంట్లో పేస్ట్ చెయ్యి. పేస్ట్ చేసేటప్పుడు కీప్ సోర్స్ ఫార్మాటింగ్ ఎంచుకుంటే పాత స్లైడు, లోగో, రంగులు, అక్షరాల తీరు ఉండే మూసని, అంటే తన స్లైడ్ మాస్టర్‌ని కూడా వెంటబెట్టుకుని వస్తుంది. నాలుగు ఫైళ్ల నుంచి తెస్తే నాలుగు మాస్టర్లు పోగుపడతాయి, ఒకచోట లోగో మారిస్తే మిగతాచోట్ల పాతదే ఉంటుంది. బదులుగా యూజ్ డెస్టినేషన్ థీమ్ ఎంచుకుని తెచ్చుకో, చెదిరినవి సర్దుకో. బాగా పాత స్లైడ్ల వెడల్పు, ఎత్తు 4:3 కొలతలో ఉంటాయి. 2013 వెర్షన్ నుంచి పవర్‌పాయింట్ 16:9తో మొదలవుతోంది కాబట్టి బొమ్మలు సాగిపోయాయేమో చూడు. పేర్లు, తేదీలు రీప్లేస్‌తో మార్చేశానని నిశ్చింతగా కూర్చోకు, బొమ్మగా అతికించిన అక్షరాలు దానికి కనబడవు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్ మీద ట్రాన్స్‌పరెన్సీ షీట్లు పెట్టేవాళ్లం. 1987లో మాకింటోష్ మీద వచ్చిన మొదటి పవర్‌పాయింట్‌తో చేసిందీ అలాంటి షీట్లు తయారుచేసుకోవడమే. పాత షీటు మళ్లీ వాడితే, అందులో ఉన్నదంతా కంటికి కనిపించేది. వెనకాల ఏదీ దాగేది కాదు. నా భయమంతా ఇప్పుడు ఆ వెనకాల దాగేదాని గురించే.

నాకు పై అధికారి ఒకాయన ఉండేవారు, పేరెందుకులే. పనిలో చాలా కచ్చితం. మాకు సరుకు సప్లై చేసే కంపెనీతో మీటింగుంటే, ఆఫీసులో మా వరకు చేసుకున్న ప్రెజెంటేషన్‌లోంచి ఖర్చుల చార్టు ఒకటి తెచ్చి పెట్టారు. తెరమీద అయిదు బార్లు, అంతే. మీటింగు బాగా జరిగింది. వాళ్లు ఫైలు అడిగారు, ఈయన పంపారు. మర్నాడు అవతలి కంపెనీ కుర్రాడు ఫోన్ చేసి, ఎంతో మర్యాదగా, "మేడమ్, ఆ చార్టు మీద రైట్ క్లిక్ చేసి ఎడిట్ డేటా నొక్కి చూడండి" అన్నాడు. నొక్కాను. వెనక ఎక్సెల్ వర్క్‌బుక్ మొత్తం ఉంది. వర్క్‌బుక్‌ని ఎంబెడ్ చేస్తూ, అంటే ఫైల్లోనే ఇమిడ్చేస్తూ, చార్టు అతికిస్తే దానికి కావలసిన నాలుగంకెలే కాదు, ఆ వర్క్‌బుక్‌లోని షీట్లన్నీ వచ్చేస్తాయి. రెండో షీటులో మా విభాగంలో అందరి జీతాలు, ఆ ఏడు ఎవరికెంత పెంచాలన్న లెక్క. నా పేరుంది. నా తర్వాత చేరి నా పక్క సీట్లో కూర్చునే ఆయన పేరూ ఉంది, నాకంటే పెద్ద అంకెతో.

ఆ కుర్రాడితోనే నేను రేట్లు బేరమాడేదాన్ని. ఆ తర్వాత ఎప్పుడు మాట్లాడినా, నా జీతమెంతో తెలిసినవాడితో పైసలకోసం పేచీ పడుతున్నానే అనిపించేది. పై అధికారి క్షమించమన్నారు, జీతం ఊసు మాత్రం ఎత్తలేదు. అప్పట్నుంచి చార్టులన్నీ స్క్రీన్‌షాట్లు తీసి అతికించడం మొదలుపెట్టారు. అంకె మారిన ప్రతిసారీ ఆ చార్టులన్నీ మళ్లీ చేసే పని నాకు పడింది.

నీ దగ్గర ఉండే ఫైలు దిద్దుకునేలాగే ఉంచుకో. బయటికి వెళ్లే కాపీలో మాత్రం చార్టుని కట్ చేసి పిక్చర్‌గా అతికించు, లేదంటే పీడీఎఫ్ పంపు. స్లైడు కింద రాసుకున్న నోట్స్ కూడా స్లైడుతోపాటే వస్తాయి. "ఈయన డిస్కౌంట్ అడుగుతాడు, కరిగిపోకూడదు" లాంటిదేదో రాసే ఉంటావు, మీ నాన్న కూతురివి కదా. హైడ్ చేసిన స్లైడ్లు, కామెంట్లు, క్రాప్ చేసిన ఫొటోలో కనబడని ముక్క, ఇవన్నీ ఫైల్లోనే ఉండిపోవచ్చు. ఇలా దాగినవాటిని వెతికి తీసేసే ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నడుపు, కానీ కాపీ మీదే నడుపు, తీసేసినవి తిరిగి రాకపోవచ్చు. చార్టులు దానికి వదిలెయ్యకు, ఒక్కోటీ నువ్వే నొక్కి చూడు.

కోప్పడుతున్నాననుకోకు గానీ, క్లయింట్లకి చేసిన స్లైడు మనమెంత బాగా పనిచేస్తామో చెబుతుంది. డైరెక్టర్లు డబ్బెక్కడ పోతోందని అడుగుతారు. శీర్షిక వాళ్ల ప్రశ్నకి జవాబుగా మార్చి చూడు. కింది చార్టు ఆ మాటని నిలబెట్టకపోతే, ఎంత ముచ్చటపడి చేసుకున్నదైనా వదిలెయ్. నీకది కష్టమని తెలుసు. చిన్నప్పుడు బాగా కుదిరిన ఏనుగు బొమ్మని కత్తిరించి ప్రతి బొమ్మలోనూ అతికించేదానివి, చెట్టుకంటే పెద్దదైపోయిందంటే ఒప్పుకునేదానివి కాదు. ఆ ఏనుగు ఒకటి ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

పాత స్లైడ్లకి టైమింగ్ పెట్టి ఉంటే వాటంతటవే ముందుకెళ్లిపోతాయి, ట్రాన్సిషన్స్‌లో ఆఫ్టర్ టిక్ తీసెయ్. ముందురోజు పైకి మాట్లాడుతూ మొత్తం ఒకసారి నడిపి చూడు. మీ నాన్నని ఎదురుగా కూర్చోబెట్టుకోకు, అన్నీ బాగున్నాయంటాడు. నాకు వీడియో కాల్ చెయ్యి, రాత్రి ఎనిమిది తర్వాత ఖాళీగానే ఉంటాను.

అత్త