రక్తం చుక్క ఎందుకు వద్దంటున్నానంటే

ప్రశ్న: పార్వతీపురం మన్యం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. మా బడిలో అద్దంతో వెలుగు పట్టే పాత మైక్రోస్కోప్ ఒకటే ఉంది. ఉల్లిపొర చూపిస్తే పిల్లలు చాలా సంతోషించారు. ఇప్పుడేమో "మా రక్తం మేం చూస్తాం టీచర్" అని పట్టుబడుతున్నారు. కొత్త సూదితో వేలి నుంచి ఒక్క చుక్క తీస్తే ఫర్వాలేదా? బీరువాలో పాత ఫార్మలిన్ సీసా కూడా ఉంది. స్లైడ్లు నిల్వ చేయడానికి పనికొస్తుందా?

జవాబు: టీచర్ గారూ, రక్తం వద్దు. సూది కొత్తదైనా వద్దు.

సూది కొత్తదైతే గుచ్చించుకున్న బిడ్డకు ప్రమాదం తక్కువే. కానీ ఆ తర్వాత సంగతి చూడండి. వాడేసిన సూది, తుడిచిన దూది, చుక్క పడిన బల్ల, చేయి జారి పగిలిన స్లైడ్, ఇవన్నీ మిగతా పిల్లల మధ్యే ఉంటాయి. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి వైరస్ ఒంట్లోంచి బయటికొచ్చాక, ఎండిన మరకలో కూడా కనీసం 7 రోజులు బతికి ఉంటుంది. అది ఒంట్లో ఉన్నవాళ్లు ఏ జబ్బూ లేనట్టే ఆడుతూ పాడుతూ తిరగొచ్చు. అందుకే ఆసుపత్రి ల్యాబ్‌లో ఎవరి ట్యూబ్ వచ్చినా ఒకే జాగ్రత్త తీసుకునేవాళ్లం. నా దగ్గర ల్యాబ్ పని నేర్చుకున్న పిల్లలకు హెపటైటిస్ బి టీకా 3 డోసులూ పూర్తయ్యాకే రక్తం ట్యూబ్ చేతికిచ్చేదాన్ని. బడిపిల్లల చేతికి అదే రక్తం ఎలా ఇస్తాం?

ఇంకో కారణం ఉంది, నాకు ఇదే ఎక్కువ బాధ. మీది గిరిజన ప్రాంతం. అక్కడ ఎక్కువగా కనిపించే సికిల్ సెల్ జబ్బు, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య జబ్బు, ఉన్న బిడ్డ మీ క్లాసులో ఉండొచ్చు. ఆ బిడ్డ స్లైడ్‌లో కొడవలి ఆకారపు కణాలు కనబడితే, అమ్మానాన్నల కంటే ముందు క్లాసంతా చూస్తుంది. ఆ విషయం ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టుకుని డాక్టర్ చెప్పాల్సింది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లకు పరీక్షలు చేస్తున్నారు. ఆ పరీక్ష జరగాల్సిన చోటు అదే.

పిల్లల ఆశ మాత్రం తీర్చండి. సైన్స్ పరికరాలు అమ్మే షాపుల్లో మనిషి రక్తపు పర్మనెంట్ స్లైడ్ దొరుకుతుంది. రంగు వేసి, పైన గాజు అతికించి ఉంటుంది కాబట్టి చేతికి అంటేదేమీ ఉండదు. మలేరియా క్రిమి ఉన్న స్లైడ్ కూడా అడగండి. మన్యం పిల్లలకు మలేరియా పేరు కొత్త కాదు. దోమ కడుపులో ఆ క్రిమిని బ్రిటిష్ డాక్టర్ రొనాల్డ్ రాస్ మొదటిసారి చూసింది 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాద్‌లోనే అని చెప్పి చూపిస్తే ఆ స్లైడ్‌ని ఇంకో కంటితో చూస్తారు.

సొంత ఒంట్లోని కణమే చూడాలంటే బుగ్గ కణాలు ఉన్నాయి. ఉమ్మి కూడా జబ్బులు మోసేదే, అందుకని పద్ధతిగా చేయించండి. జ్వరం, దగ్గు, నోటిపూత ఉన్న పిల్లలు ఆ రోజు చూడటం వరకే. మిగతావాళ్లు నీళ్లతో పుక్కిలించి, కొత్త ఇయర్ బడ్‌తో బుగ్గ లోపల మెల్లగా రాసి, స్లైడ్ మీది నీటి చుక్కలో తిప్పాలి. పుల్ల అయితే చిగురు గీసుకుని రక్తం వస్తుంది, బడ్ మేలు. ఎవరి స్లైడ్ వాళ్లే చేయాలి, వాళ్లే శుభ్రం చేయాలి. పక్కవాళ్లది ముట్టుకోకూడదు. ఈ ఒక్క నియమం గట్టిగా పట్టుకుంటే సగం భయం పోతుంది.

మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు ఒక చుక్క వేసి, రెండు నిమిషాలు ఆగి, పైన కప్పే పల్చని గాజుముక్కని, అంటే కవర్‌స్లిప్‌ని ఒక అంచు ఆనించి ఏటవాలుగా దించండి. నిటారుగా పడేస్తే గాలిబుడగలు చిక్కుతాయి, పిల్లలు వాటినే కణాలనుకుంటారు. ముందు 10 రెట్ల లెన్స్‌తో వెతికి, తర్వాత పెద్దదానికి వెళ్లండి. పల్చని కణం మధ్యలో ముదురు నీలం కేంద్రకం కనిపిస్తుంది. పైన సన్నని చుక్కలుంటే అవి నోట్లోని బ్యాక్టీరియా. 1683లో సొంతంగా మైక్రోస్కోపులు తయారుచేసుకున్న హాలెండ్ వ్యాపారి లీవెన్‌హుక్ పళ్ల పాచిలో చూసి ఆశ్చర్యపోయింది వాటి జాతివాళ్లనే.

వాడిన బడ్, స్లైడ్ నేరుగా బ్లీచ్ నీళ్లలో పడాలి. సీసా మీద సోడియం హైపోక్లోరైట్ 5 శాతం అని ఉంటే ఒక వంతుకు 4 వంతుల నీళ్లు కలపండి. అరగంట నానాలి. ఏ రోజుకారోజు కలుపుకోవాలి, నిలవైతే బలం తగ్గుతుంది. ఆ బకెట్లో మరుగుదొడ్డి కడిగే యాసిడ్ పొరపాటున కూడా పడకూడదు. క్లోరిన్ వాయువు వచ్చి ఊపిరాడదు. ఆయాకు ఈ మాట మీరే స్వయంగా చెప్పండి.

మీ మైక్రోస్కోప్‌కు అద్దం ఉందన్నారు. దాన్ని ఎప్పుడూ సూర్యుడి వైపు తిప్పనివ్వొద్దు. కిటికీ పక్కన నీడలో పెట్టి ఆకాశపు వెలుగు పట్టించండి. నేరుగా ఎండ పడితే ఆ వెలుగంతా లెన్సుల గుండా కంట్లోకి దిగి, కంటి లోపలి తెర రెటీనా కాలిపోతుంది. అక్కడ నొప్పి కూడా తెలియదు. చూపు తేడా వచ్చాకే తెలుస్తుంది. పీరియడ్ మొత్తం మీరు ఆ బల్ల దగ్గరే ఉండండి.

ఇక ఫార్మలిన్ సీసా మూత తీయకండి. మీ స్లైడ్లకు దాని అవసరమే లేదు. ఫార్మలిన్ అంటే ఫార్మల్డిహైడ్ కలిసిన నీళ్లే. ఆ ఆవిరి కళ్లను, గొంతును మండిస్తుంది. ఫార్మల్డిహైడ్ క్యాన్సర్ కలిగించే పదార్థమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. సింకులో పారబోయొద్దు. చీటీ అంటించి, తాళం వేసి, హెడ్మాస్టర్ గారి ద్వారా జిల్లా సైన్స్ అధికారికి రాతపూర్వకంగా తెలియజేయండి.

ప్రశ్న: మేడమ్, నేను ఇంటర్ బైపీసీ విద్యార్థిని. ఉల్లి వేరు కొనలో కణ విభజన చూడాలని ఎంత ప్రయత్నించినా పొడవాటి కణాలే కనిపిస్తున్నాయి. స్లైడ్ వేడి చేసేటప్పుడు మంటంటే టెన్షన్‌గా కూడా ఉంటోంది.

జవాబు: పొడవాటి కణాలు కనబడుతున్నాయంటే నువ్వు కొన దాటి పైభాగం తీసుకుంటున్నావమ్మా. విభజన జరిగేది చివరి రెండు మిల్లీమీటర్లలోనే. రంగు ఎక్కువ పట్టిన ఆ కొనను మాత్రమే ఉంచి, మిగతాది బ్లేడుతో తీసెయ్. చిన్న చిన్న చదరపు కణాలు, వాటి నిండా పెద్ద కేంద్రకాలు కనిపిస్తే సరైన చోట ఉన్నట్టు. వేర్లను ఉదయంపూట కోసి, వెంటనే 3 వంతుల ఆల్కహాల్, ఒక వంతు గ్లేషియల్ అసిటిక్ ఆమ్లం కలిపిన ద్రవంలో వెయ్యి. ఆ ఆమ్లం చర్మాన్ని కాలుస్తుంది. గ్లౌజులు, ల్యాబ్ రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, లెక్చరర్ ఎదురుగానే కలుపు.

నీ భయం సరైనదే. స్పిరిట్ దీపం మంట పగటి వెలుతురులో సరిగా కనబడదు. దీపం వెలిగించే ముందే ఆల్కహాల్ సీసాకు మూత పెట్టి ఇంకో బల్ల మీదికి మార్చెయ్. జుట్టు ముడేసుకో, చున్నీ వెనక్కి కట్టుకో. వేడిగా ఉన్న దీపంలో స్పిరిట్ పోయకు. స్లైడ్‌ని మంట పైనుంచి అలా అలా పోనిచ్చి చేతి వెనకభాగానికి ఆనించి చూడు, గోరువెచ్చగా తగిలితే చాలు. వేరుకు వేసిన అసిటోకార్మైన్ రంగు మరిగితే కణాలు పాడవుతాయి, ఆవిరి ముఖానికి కొడుతుంది.

ఆఖర్న బ్లాటింగ్ పేపర్ మడిచి కవర్‌స్లిప్ మీద పెట్టి బొటనవేలితో నిటారుగా నొక్కు. పక్కకు జరిపితే కణాలు ఒకదానిమీదొకటి చుట్టుకుపోతాయి, గాజు కూడా విరుగుతుంది. విరిగితే చేత్తో ఏరకు. అట్టముక్కతో ఎత్తి, ల్యాబ్‌లో గాజుముక్కలకని పెట్టిన డబ్బాలో వెయ్యి.