దారి అడిగినవారికి: బల్గేరియాలో ఎనిమిది రోజులు

ప్రశ్న: నమస్కారమండీ. మా అమ్మాయి ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉద్యోగం చేస్తోంది. వచ్చే మే నెలలో తన దగ్గరికి వెళ్ళినప్పుడు ఎనిమిది రోజులు బల్గేరియా చూసి రావాలని ఉంది. నాకు చరిత్ర ఇష్టం. మావారికి మోకాళ్ళ నొప్పి. ఒక ట్రావెల్ సంస్థ సోఫియా, రిలా, ప్లోవ్‌దివ్ నాలుగు రోజులు, నల్లసముద్రం ఒడ్డున నాలుగు రోజులు అంటోంది. గైడుతో కారు ఖర్చెక్కువ. మేమే కారు అద్దెకు తీసుకుంటే సరిపోదా? మాంసం ముట్టని వాళ్ళం, తిండికి ఇబ్బందా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: అమ్మా, ఆ సముద్రపు రోజుల్లో మూడింటిని తీసేయమని చెప్పండి. మిగిలిన ఒక్కటీ వర్నాలో గడపండి. 1972లో అక్కడ తవ్వకాల్లో ఆరున్నర వేల ఏళ్ళ నాటి సమాధుల్లో బంగారం బయటపడింది. దాన్ని అక్కడి పురావస్తు మ్యూజియంలో చూడవచ్చు. తీసేసిన మూడు రోజులూ వెలికో తర్నవోకి, షుమెన్‌కి ఇవ్వండి. ఆ రెండు ఊళ్ళూ లేని పథకాన్ని చరిత్ర యాత్ర అనడానికి నాకు మనసొప్పదు.

గైడు ఖర్చు దగ్గర మాత్రం వెనకాడకండి. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి, రహదారి పన్ను ముందే కట్టాలి. ఇవన్నీ ఎలాగో సర్దుకోవచ్చు. నా కారణం వేరు. రెండేళ్ళ కిందట నేనూ మా చెల్లెలూ వెళ్ళాం. షుమెన్ దగ్గర ప్లిస్కా అనే చోట కారు ఆగింది. గడ్డి మైదానం, మోకాలెత్తు పునాది రాళ్ళు, గాలి. ముప్పై ఏళ్ళు బడిలో చరిత్ర చెప్పిన నేను కూడా ఒంటరిగా వెళ్ళి ఉంటే పావుగంటలో తిరిగి వచ్చేదాన్ని. మా గైడు మమ్మల్ని రెండు గంటలు ఆ రాళ్ళ మధ్య నడిపించాడు. 681లో ఏర్పడిన బల్గేరియా రాజ్యానికి తొలి రాజధాని ఇదే. 864లో రాజు బోరిస్ క్రైస్తవం పుచ్చుకున్నాడు. కానీ పూజ గ్రీకులో, ప్రజలు మాట్లాడేది స్లావు భాష. స్లావు భాషకు మొదటిసారి లిపి కూర్చిన సిరిల్, మెథోడియస్ సోదరుల శిష్యులను మొరావియా (నేటి చెక్, స్లొవాకియా ప్రాంతం) నుంచి తరిమేస్తే, 886లో వాళ్ళు బోరిస్‌ను ఆశ్రయించారు. ఆయన వాళ్ళకు నీడ ఇచ్చి, పిల్లలకు చదువు చెప్పే పని అప్పగించాడు. 893లో రాజధాని ప్రెస్లావ్‌కు మారింది. ఈ రోజు రష్యాలోనూ మంగోలియాలోనూ రాస్తున్న సిరిలిక్ లిపి రూపు దిద్దుకున్నది అక్కడి పండితుల చేతుల్లోనే. ఇదంతా ఆ గడ్డిలో నిలబడి విన్నాక రాళ్ళను తొక్కడానికి కూడా కాలు రాలేదు.

అందుకే మే 24 నాటికి మీరు షుమెన్‌లో ఉండేలా చూసుకోండి. ఆ రోజు అక్కడ అక్షరాల పండుగ, జాతీయ సెలవు. పిల్లలు ఆ అన్నదమ్ముల పటాలకు పూలు చుట్టి ఊరేగిస్తారు. ఆగస్టు 29న గిడుగు వారి పటానికి దండ వేసి తరగతికి వెళ్ళిపోయే అలవాటున్న నేను, ఊరంతా అక్షరాల కోసం వీధిలోకి రావడం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఆ దగ్గర్లోనే మదారా. నిలువు కొండకు 23 మీటర్ల ఎత్తున గుర్రపురౌతు, గుర్రం కాళ్ళ కింద సింహం, వెనక కుక్క. ఎనిమిదో శతాబ్దం మొదట్లో చెక్కిన శిల్పం. మెట్లున్నాయి. మీవారిని కింద బల్ల మీద కూర్చోబెట్టండి, అక్కడికీ కనబడుతుంది.

మిగతా దారి ఇలా పెట్టుకోండి. సోఫియాలో రెండు రోజులు. ఊరి చివర బోయానా గుడిలో 1259 నాటి చిత్రాలున్నాయి. మన ఓరుగల్లులో గణపతిదేవుడు ఏలుతున్న రోజులవి. పది నిమిషాలే ఉండనిస్తారు, ఫోటోలు తీయనివ్వరు. కాబట్టి నేరుగా దెసిస్లావా అనే రాచకుటుంబపు స్త్రీ బొమ్మ ముందు నిలబడండి. రిలా మఠం ఒక రోజు. అక్కడి మ్యూజియంలో రఫాయిల్ అనే సన్యాసి పన్నెండేళ్ళు చెక్కి 1802లో ముగించిన కొయ్య శిలువ ఉంది. అందులో గోటి కన్నా చిన్న బొమ్మలు వందల కొద్దీ ఉన్నాయి. ఆ పనిలో ఆయన చూపు పోయిందంటారు.

ప్లోవ్‌దివ్‌లో రోమన్ల రంగస్థలం తప్పక చూడాలి. పాత వీధుల్లో పరిచిన గుండ్రాళ్ళే మీవారికి కష్టం, గట్టి బూట్లు కొనండి. తర్వాత కజన్లక్. మే చివర అక్కడ గులాబీలు కోస్తారు. ఎండెక్కితే నూనె ఆవిరైపోతుందని తెల్లవారుజామునే మొదలుపెడతారు. కిలో నూనెకు మూడు వేల కిలోలకు పైగా రేకులు కావాలి. షిప్కా కొండ మీద స్మారకానికి దాదాపు తొమ్మిది వందల మెట్లు. అది వద్దు. కింద షిప్కా ఊళ్ళోని గుడి చూడండి. 1877 రష్యా-తుర్కీ యుద్ధంలో కాల్చిన తూటాల గుల్లలను కరిగించి పోసిన గంటలు దానివి. కొండ దాటితే వెలికో తర్నవో. అక్కడి కోట 1393లో మూడు నెలల ముట్టడి తర్వాత ఒట్టోమన్ తుర్కుల చేతికి పోయింది. దాదాపు అయిదు వందల ఏళ్ళు పరాయి పాలన నడిచింది. మధ్యలో, 1762లో, పైసీ అనే సన్యాసి తన జాతి చరిత్ర రాసి, బల్గేరియన్లమని చెప్పుకోవడానికి సిగ్గుపడేవారిని గట్టిగా మందలించాడు. ఆ రాతను చేత్తో నకళ్ళు తీసి ఊరూరా తిప్పారు. ఆయన పేరు గుర్తుంచుకోండి.

తిండికి లోటు లేదు. పెరుగు వాళ్ళకు ప్రాణం. దోసకాయ, వెల్లుల్లి, సోయికూర, అక్రోటు వేసి పలుచగా చేసే చల్లని తరతోర్ మన పెరుగుపచ్చడికి చుట్టమే. ఉపవాసపు వంటను ‘పోస్త్నో’ అంటారు. ఆ మాట అంటే మాంసం, గుడ్డు, పాలు ఏవీ వేయరు. పెరుగు కావాలంటే ‘బెజ్ మెసో’, మాంసం లేకుండా, అనండి. ఒక్క జాగ్రత్త: తల నిలువుగా ఊపితే అక్కడ కాదని అర్థం. చారులో మాంసం ఉందా అని మా చెల్లెలు అడిగితే వడ్డించే అమ్మాయి అలాగే ఊపింది. మంచి చిక్కుడు గింజల చారు, పాపం తినకుండా పక్కకు నెట్టేసింది.

ఒకే వీసాతో తిరగనిచ్చే ఐరోపా దేశాల కూటమి షెంగెన్‌లో బల్గేరియా 2025 నుంచి పూర్తిగా ఉంది. అమ్మాయి దగ్గరే ఎక్కువ రోజులుంటారు కాబట్టి జర్మనీ వీసాకే దరఖాస్తు చేయండి.

ప్రశ్న: బల్గేరియా వెళ్ళొచ్చిన బంధువులు కొన్ని లేవా నోట్లు, నాణేలు ఇచ్చారు. ఇప్పుడు చెల్లుతాయా?
— ఒక పాఠకుడు, నిజామాబాద్

జవాబు: అంగళ్ళలో చెల్లవు. 2026 జనవరి 1 నుంచి అక్కడ యూరో వచ్చింది. నోట్లను ఎవరైనా వెళ్ళేవారికి ఇవ్వండి, బల్గేరియా జాతీయ బ్యాంకులో గడువు లేకుండా మారుస్తారు. ఒక యూరోకు 1.95583 లేవాలు. నాణేలు మాత్రం దాచుకోండి. చిన్నవాటి మీద మదారా గుర్రపురౌతు, ఒక లేవా మీద రిలా మఠం స్థాపించిన ఇవాన్ సాధువు, రెండు లేవాల మీద పై జవాబులో చెప్పిన పైసీ ఉంటారు. యూరోలోకి మారినప్పుడు కూడా బల్గేరియా వాళ్ళు ఆ ముగ్గురినీ వదల్లేదు. కొత్త నాణెం దొరికితే పాతదాని పక్కన పెట్టి చూడండి.