మార్టిన్ లూథర్ కింగ్ తర్వాత అమెరికా నల్లజాతి వాళ్లకు అంతటి నాయకుడు ఎందుకు రాలేదు?

ఈ ప్రశ్నకు ఇప్పటికే చాలామంది "వాళ్లలో ఐక్యత లేదు", "చదువుకున్నవాళ్లు ముందుకు రావడం లేదు" అని జవాబులు రాశారు. చదివితే ఒళ్లు మండింది. నేను నార్త్ కరోలినాలోని రాలీలో ఉంటున్నాను. వచ్చిన కొత్తలో రెండేళ్లు ఎక్కువగా నల్లజాతి వాళ్లుండే అపార్ట్‌మెంట్లలోనే ఉన్నాం. వాళ్లు ఒక పని ఎలా సాధిస్తారో పక్కనే ఉండి చూశాను, అందుకే రాస్తున్నాను.

అద్దె తక్కువని ఆ పాత బిల్డింగ్‌లో దిగాం. సగానికి పైగా నల్లజాతి కుటుంబాలు, మిగతావాళ్లలో ఎక్కువమంది హోండురస్, మెక్సికోల నుంచి వచ్చినవాళ్లు. మనవాళ్లవి మూడే ఇళ్లు. 2014 జనవరిలో అమెరికా తూర్పు వైపంతా గడ్డకట్టించిన చలి వచ్చింది కదా, సరిగ్గా అప్పుడే మాకు హీటింగ్ పోయింది. మా బాబుకు తొమ్మిది నెలలు. ఓవెన్ తలుపు తెరిచిపెట్టి, వంటింట్లో బొంత పరుచుకుని పడుకునేవాళ్లం. ఆఫీసుకు ఫోన్ చేస్తే "రిక్వెస్ట్ పెట్టారుగా, వస్తారు" అనేవాళ్లు. ఎవరూ వచ్చేవాళ్లు కాదు.

ఒకరోజు సాయంత్రం కింద ఫ్లోర్‌లో ఉండే పెద్దావిడ తలుపు కొట్టారు. స్కూల్ బస్సు నడిపి రిటైరైన నల్లజాతి మనిషి. ఒక చేతిలో స్పైరల్ నోట్‌బుక్, ఇంకో చేతిలో ప్లాస్టిక్ సంచీ నిండా చవక థర్మామీటర్లు. ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. "బాబు ఎక్కడ పడుకుంటున్నాడు?" అని అడిగారు. వంటింట్లో బొంత చూపించాను. రాసుకున్నారు. ఒక థర్మామీటర్ నా చేతిలో పెట్టి, రోజూ పొద్దున ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి ఎంత ఉందో కాగితం మీద రాయమన్నారు.

మా ఆయన "మనం వీసా మీద ఉన్నాం, మనకెందుకే ఈ గొడవ" అన్నారు. మర్నాడు ఆవిడకు అదే చెప్పాను. ఏమీ అనుకోలేదు. "అయితే ఫిర్యాదు మీద నీ సంతకం వద్దు, నీ అంకెలు చాలు" అన్నారు. ఎవరు ఎంతవరకు తెగించగలరో కనుక్కుని అంతవరకే అడిగేవారు. వీసా కాగితాలు లేనివాళ్ల జోలికి సంతకాలతో వెళ్లలేదు, వాళ్లు కుర్చీలు మోశారు, పిల్లల్ని చూసుకున్నారు. అద్దె ఆపేద్దామని కుర్రాళ్లు ఎగిరితే ఆవిడే అడ్డుపడ్డారు. ఈ రాష్ట్రంలో కోర్టు చెప్పకుండా అద్దె ఆపితే ఖాళీ చేయించడానికి మనమే సాకు ఇచ్చినట్టవుతుందని ఆవిడకు తెలుసు.

రెండు వారాల తర్వాత లాండ్రీ రూమ్‌లో మీటింగ్. మేనేజర్ వచ్చాడు. అందరినీ ఒకసారి చూసి, "మీ లీడర్ ఎవరు? ఆ ఒక్కరూ ఆఫీసుకు రండి, మాట్లాడుకుందాం" అన్నాడు. ఎవరూ లేవలేదు. ఆవిడ కూడా లేవలేదు, ఒళ్లో నోట్‌బుక్ పెట్టుకుని కూర్చున్నారు. ఎందుకో తర్వాత తెలిసింది. రెండేళ్ల ముందు నీళ్ల పైపుల గొడవలో ఒకాయన అలాగే లీడర్‌నని ఆఫీసుకు వెళ్లాడట. ఒక నెల అద్దె మాఫీ చేశారు, అంతే, మర్నాటి నుంచి ఆయన నోరు మెదపలేదు.

మూడో ఫ్లోర్ హోండురస్ ఆవిడ లేచి కాగితం విప్పింది. పన్నెండేళ్ల కొడుకు ఇంగ్లీషులో చెప్తున్నాడు. "జనవరి 7, పొద్దున ఆరు, 49 డిగ్రీలు." ఫారెన్‌హీట్‌లో అది, మన లెక్కలో 10 కూడా లేదు, ఇంటి లోపల. ఆమె కూర్చోగానే పక్కింటాయన లేచాడు. ఆ తర్వాత ఇంకొకరు. ఇరవై రెండు ఇళ్లు వరసగా చదివాయి. సంతకం పెట్టని నేను కూడా లేచి చదివాను, గొంతు వణికింది. అవే కాగితాలు సిటీ ఇన్‌స్పెక్టర్‌కు వెళ్లాయి. ఫిబ్రవరి రెండో వారంలో హీటింగ్ వచ్చింది.

ఇప్పుడు కింగ్ దగ్గరకు వస్తాను. అలబామా రాష్ట్రంలోని మాంట్‌గొమరీలో, నల్లజాతి వాళ్లను వేరుగా కూర్చోబెట్టే బస్సులను వాళ్లు బహిష్కరించడం మొదలైనప్పుడు ఆయనకు 26 ఏళ్లు, ఊరికి కొత్త. బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు ఖాళీ చేయనన్నందుకు రోజా పార్క్స్ అరెస్టయిన రాత్రి, 1955 డిసెంబర్ 1న, కాలేజీలో పాఠాలు చెప్పే జో ఆన్ రాబిన్సన్ తెల్లవారేదాకా కూర్చుని వేల కరపత్రాలు సైక్లోస్టైల్ తీసింది. ఆమె ఉన్న మహిళా సంఘం అంతకు ముందు నుంచే బస్సుల మీద కొట్లాడుతోంది. రోజా పార్క్స్ కాళ్లు నొప్పెట్టి లేవలేదని పిల్లలకు చెప్తారే, అది నాకు అస్సలు నచ్చదు. ఆమె పన్నెండేళ్లుగా నల్లజాతి హక్కుల సంఘం NAACPలో పనిచేస్తున్న మనిషి. జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి తోటి ఆడవాళ్లతో చికెన్, కేకులు అమ్మించి, జనాన్ని పనులకు దింపే కార్లకు డబ్బు కూడబెట్టింది. 381 రోజులు అలా నడిచింది. కింగ్ గొప్పవాడు, కాదనను. కానీ ఈ ఆడవాళ్లే లేకపోతే ఆయన మైకు ముందుకు వచ్చేవాడే కాదని నా నమ్మకం.

ఇది నాకు కొత్త విషయమేమీ కాదు, మాది నెల్లూరు జిల్లా. 1992లో దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లోంచే లేచారు. మా అమ్మమ్మ కూడా లాంతరు పట్టుకుని రాత్రి బడికి వెళ్లేది. మా ఊళ్లో సారా ప్యాకెట్లు తగలబెట్టిన రోజు చీపురు పట్టుకుని ముందు వరసలో ఉంది. 1993 అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఇక్కడ సౌత్ కరోలినాలోని జాన్స్ ఐలాండ్‌లో 1957లో ఒక కొట్టు వెనక గదిలో నల్లజాతి పెద్దలకు బడి పెట్టారు, అప్పట్లో ఓటు నమోదుకు చదవడం రావాలి గనక. పాఠం చెప్పిన బెర్నిస్ రాబిన్సన్ బ్యూటీ పార్లర్ నడిపే మనిషి. మొదటిరోజు ఆమె అడిగింది, "మీకేం నేర్చుకోవాలనుంది?" అని. అది చదివినప్పుడు అమ్మమ్మ లాంతరు గుర్తొచ్చి ఏడ్చాను.

మన తెలుగు సంఘాల గురించి కూడా చెప్పాలి, చెప్పకపోతే నిద్రపట్టదు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, శాలువాలు, స్టేజీ మీద ఫొటోలు. పదవి దొరకనివాడు ఇంకో సంఘం పెడతాడు. లేఆఫ్ అయి వీసా గడువు లెక్కపెట్టుకునే పిల్లాడి తలుపు కొట్టి "ఏం కావాలి నాన్నా" అని అడిగినవాళ్లను నేనైతే చూడలేదు. మనలాంటి వాళ్లకు ఈ దేశం తలుపు తీసిన 1965 వలస చట్టం కూడా నల్లజాతి వాళ్ల పోరాటాల వేడిలోనే వచ్చింది. మనం ఆ ఊసే ఎత్తం.

మా రాలీలోనే షా యూనివర్సిటీ ఉంది. 1960 ఏప్రిల్‌లో, కింగ్ సంస్థలోనే పనిచేస్తున్న ఎల్లా బేకర్ అక్కడికి ఉద్యమంలో ఉన్న విద్యార్థులను పిలిచింది. వాళ్లను కింగ్ సంస్థలో విద్యార్థి విభాగంగా కలుపుకుందామని పెద్దలు అనుకుంటే, వద్దు, వాళ్ల సంస్థ వాళ్లే నడుపుకోవాలని పట్టుబట్టింది. బలమైన జనానికి బలమైన నాయకుడు అక్కర్లేదు అన్నది కూడా ఆమే. కాబట్టి కింగ్ తర్వాత ఎవరూ రాలేదని నేను ఒప్పుకోను. ఇలాంటి మనుషులు వస్తూనే ఉన్నారు, టీవీలో కనపడరంతే.

మా పెద్దావిడ తర్వాత షార్లెట్‌లో కూతురి దగ్గరకు వెళ్లిపోయారు. వెళ్లే ముందు నోట్‌బుక్ ఆ హోండురస్ ఆవిడకు ఇచ్చారు. మేం ఇల్లు ఖాళీ చేసే రోజు చెప్పివద్దామని వాళ్లింటికి వెళ్తే టేబుల్ మీద అదే కనపడింది. కొత్త పేజీలన్నీ స్పానిష్‌లో ఉన్నాయి.