కెమిస్ట్రీ రాదని సైన్స్ వదిలేయాలా?

ప్రశ్న: మాది రాయగడ. ఇంట్లో తెలుగు మాట్లాడతాం కానీ పాప పదో తరగతి దాకా ఒడియా మీడియంలోనే చదివింది. సైన్సులో మంచి మార్కులే వచ్చేవి. ప్లస్ టూలో మొదటి కెమిస్ట్రీ టెస్టులో 30కి 9 వచ్చాయి. కామర్స్‌కి మారిపోతానని ఏడుస్తోంది. తను తప్పు చేసిన రెండు జవాబులు రాసి పంపుతున్నాను. ఏం చేయమంటారు?

జవాబు: ఇప్పుడే మార్చకండి. ఆ రెండు తప్పులూ చూశాక ధైర్యంగానే చెబుతున్నాను.

మొదటి లెక్క: 40 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్‌తో 500 మిల్లీలీటర్ల ద్రావణం చేస్తే మొలారిటీ ఎంత? పాప 40ని 500తో భాగించి 0.08 అని రాసింది. భాగహారం సరిగ్గానే చేసింది. కానీ అడిగింది లీటరుకి ఎన్ని మోల్స్ అని, తను చెప్పింది మిల్లీలీటరుకి ఎన్ని గ్రాములు అని. పరమాణు భారాలు చూస్తే సోడియం 23, ఆక్సిజన్ 16, హైడ్రోజన్ 1, కలిపితే 40. అంటే ఇచ్చిన 40 గ్రాములు సరిగ్గా ఒక మోల్. 500 మిల్లీలీటర్లు అర లీటరు. ఒకటిని 0.5తో భాగిస్తే 2. అంకె పక్కన యూనిట్ రాసే అలవాటుంటే తప్పు తనకే కనబడేది.

డజను అంటే 12 అన్నట్టే మోల్ అంటే 6.02214076 × 10²³ కణాలు. 2019 మే 20 నుంచి ఈ సంఖ్యే మోల్‌కి నిర్వచనం. ఇంత పెద్ద సంఖ్యను బట్టీ పట్టించి, దాంతో పనేమిటో చెప్పకుండా వదిలేసే ట్యూషన్లకు కొదవ లేదు. పరీక్షలో ఎక్కువగా కావాల్సింది గ్రాముల్ని మోల్స్‌లోకి మార్చడం.

రెండోది, బ్యూరెట్ (ద్రావణాన్ని కొలిచి వదిలే గీతల గాజు గొట్టం) రీడింగ్ 23.40 అని రాయాల్సిన చోట 23.4 అని రాసింది. మాస్టారు మార్కు కోసేశారు, న్యాయమే. బ్యూరెట్ మీద గీతలు 0.1 మిల్లీలీటరుకి ఒకటి ఉంటాయి. రెండు గీతల మధ్య ఎక్కడుందో కంటితో అంచనా వేసి రెండో దశాంశం రాయాలి. చివరి సున్నా రాశామంటే సరిగ్గా గీత మీదే ఉందని చూసి చెప్పినట్టు. చూసేటప్పుడు కన్ను ద్రావణం మట్టానికి రావాలి, పైనుంచి చూస్తే రీడింగ్ తక్కువ కనబడుతుంది.

మీ చుట్టుపక్కలే ఈ లెక్కల మీద ఉద్యోగాలు చేసేవాళ్లున్నారు. జేకేపూర్ పేపర్ మిల్లు, టికిరి దగ్గర ఉత్కల్ అల్యూమినా, కోరాపుట్ జిల్లా దమంజోడిలో నాల్కో. అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్‌ను కరిగించేది పాప లెక్కలోని సోడియం హైడ్రాక్సైడ్‌తోనే. 102 టన్నుల అల్యూమినాలో (అల్యూమినియం ఆక్సైడ్‌లో) 54 టన్నుల అల్యూమినియం ఉంటుందని తేల్చేది కూడా మోల్ లెక్కే. అలాంటి చోట ల్యాబ్ కెమిస్ట్ పనికి బీఎస్సీ కెమిస్ట్రీతో ప్రయత్నించవచ్చు. పరిశోధన మీద ఇష్టముంటే బరంపురంలో 2016లో పెట్టిన ఐసర్ అనే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది. అక్కడి అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సుకి ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. నీట్ ఆలోచన ఉన్నా 180 ప్రశ్నల్లో 45 కెమిస్ట్రీవే.

ప్రస్తుతానికి మొదటి పాఠం ఒక్కటే పట్టుకోమనండి. రోజుకి అయిదారు లెక్కలు, ప్రతి మెట్టులోనూ యూనిట్‌తో. ఇంగ్లిష్ పుస్తకం తడబెడితే పక్కన టెన్త్ ఒడియా పుస్తకం పెట్టుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. తనకి కామర్స్ అంటే నిజంగా ఇష్టముంటే అది వేరే మాట, ఆ సంగతి మార్కుల ఊసెత్తకుండా అడగండి. తర్వాతి టెస్టు పేపరు కూడా పంపండి, యూనిట్ల తప్పులు పోయినా మార్కులు రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం. ఈలోగా కామర్స్‌కి మారడానికి ఆఖరు తేదీ ఎప్పుడో కాలేజీ ఆఫీసులో కనుక్కొని ఉంచండి.