అమెరికాలో ఇంటి అడ్రస్‌కు షిప్పింగ్ ఎందుకు ఎక్కువ?

ఉదయగిరి చెక్క గరిటెలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాం, అమెరికా ఆర్డర్లకు సైట్ చూపిన ఛార్జీ కంటే కొరియర్ బిల్లు ఎక్కువ ఎందుకు వస్తోందని ఒకరు అడిగారు. ముందు అడ్రస్ రకం చూడండి. అక్కడ యూపీఎస్, ఫెడెక్స్ అనే కొరియర్ సంస్థలు ఇంటికి డెలివరీ చేస్తే అదనపు రుసుము వేస్తాయి. పైన కంపెనీ పేరు రాసినా, ఆ ఇంట్లోనే వ్యాపారం నడుస్తున్నా వాళ్ల లెక్కలో అది ఇల్లే. తేల్చేది కొరియర్ సంస్థే గానీ కొన్నవాళ్లు కాదు. కాబట్టి మీ సైట్ షిప్పింగ్ సెట్టింగ్స్‌లో అన్ని అడ్రస్‌లనూ రెసిడెన్షియల్‌గానే (అంటే ఇంటి అడ్రస్‌గానే) పెట్టండి. లెక్క తక్కువ చూపిస్తే ఆ తేడా మీ జేబులోంచే పోతుంది, చిన్న కళాకారులకు అది నిజంగా భారం. అమెరికా ప్రభుత్వ తపాలా సంస్థ యూఎస్‌పీఎస్‌లో ఈ రుసుము లేదు. మన స్పీడ్ పోస్ట్‌లోనూ ఇల్లా, ఆఫీసా అని చూడరు. నెల్లూరు నుంచి ఒంగోలుకైనా బరువు, దూరమే లెక్క.